ఐదో ఎముక

గదిలో అడుగు పెట్టగానే ముక్కు మేడమ్ గాలి పీల్చి మొహం చిట్లించింది.

పుల్లటి యాసిడ్ కంపు, జిగురు కంపు, తడి ప్లాస్టర్ కంపు, వీటన్నిటి మీదా ఎవరో ఒళ్ళంతా కొట్టుకొచ్చిన సెంటు కంపు. హోదాకి ఆమె ఇన్‌స్పెక్టరు. డిపార్టుమెంటులో వెనకాల మాత్రం అందరూ ముక్కు మేడమ్ అనే అంటారు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు వాసన చూస్తుంది, తర్వాత మొహం చిట్లిస్తుంది, ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. ఆ పేరు చెవిన పడ్డా ఆమె పట్టించుకోదు. లేనిదేమీ అనలేదు కదా అనుకుంటుంది.

చేతి గడియారం చూసుకుంది. పదకొండూ ఇరవై.

అది మ్యూజియం అడుగు అంతస్తులో ఎముకలు శుభ్రం చేసే గది. పొద్దున తొమ్మిదీ పదికి అక్కడే ఎముకల మేస్త్రి కుప్పకూలిపోయాడు. రాతిలో ఇరుక్కుపోయిన పాతకాలపు జంతువుల ఎముకల్ని సూదులతో, కుంచెలతో, యాసిడ్‌తో విడదీసి బయటికి తీయడం ఆయన పని. నలభై ఏళ్ళుగా ఇదే గది, ఇదే బల్ల. ఇప్పుడు ఆస్పత్రిలో ఒంటి మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి డాక్టరు.

"మేడమ్, ఏమైనా దొరికిందా?"

"ఇప్పుడే వచ్చానమ్మా. ఎలా ఉన్నాడు?"

"ఏం బాగాలేదు. గుండె లయ తప్పుతోంది. రక్తంలో కాల్షియం పడిపోయింది. ఎక్కిస్తున్నాం, ఎక్కించింది ఎక్కించినట్టే మాయమైపోతోంది. లోపల ఏదో కూర్చుని దాన్ని తాగేస్తోంది. అదేంటో, ఎట్నుంచి వెళ్ళిందో చెప్పండి, దాని దారి మూసేస్తాను. తెలియకుండా ఎంత పోసినా చిల్లు కుండలో పోసినట్టే."

"ఎంతసేపు ఆగగలడు?"

"ఒంటిగంట. ఆ తర్వాత మీకు దొరికినా నాకు పనికిరాదు."

అంటే గంటా నలభై నిమిషాలు. ముక్కు మేడమ్ ఫోన్ జేబులో పెట్టుకుని గదిలో ఉన్న ఇద్దరినీ చూసింది. మూల స్టూలు మీద మేస్త్రి కూతురు, ముప్పై అయిదేళ్ళుంటాయి, తండ్రి కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలుపు దగ్గర మ్యూజియం డైరెక్టరు. సెంటు ఆయనదే.

"మేడమ్, నాలుగింటికి ప్రారంభోత్సవం," అన్నాడు డైరెక్టరు, పలకరింపులేమీ లేకుండా. "నిపుణుల కమిటీ మూడున్నరకే వచ్చేస్తుంది. ఈ గది మూడింటికల్లా మాకు అప్పగిస్తే..."

"మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు సార్."

"అదే, అదే. చాలా బాధాకరం." కోటు జేబులోంచి చిన్న ట్యూబు తీసి, కుడి బొటనవేలి మీద తెల్లటి క్రీము పిండుకుని రుద్దుకోవడం మొదలెట్టాడు. "చర్మం పొడిబారిపోతుంది నాకు. వయసు."

ఎవరూ అడగలేదు. బాధాకరం అన్న నోటితోనే చర్మం గురించి చెప్పుకునే మనిషిని చూస్తే ముక్కు మేడమ్‌కి ఒళ్ళు జలదరించింది. బయట కూర్చోమని చెప్పి, కానిస్టేబుల్ని ఆయన పక్కన నిలబెట్టి, తలుపు మూసింది.

"నువ్వేం పని చేస్తావమ్మా ఇక్కడ?"

"బొమ్మలు గీస్తానండీ. నాన్న ఒక్కో ఎముకా బయటికి తీస్తుంటే అన్ని వైపుల నుంచీ గీసి కొలతలు రాస్తాను." ఒళ్ళోని కోటు మడత సరిచేసింది. "యాసిడ్ పని మాత్రం ముట్టనివ్వడు. పదహారేళ్ళుగా అడుగుతున్నా, ఇంకా చిన్నపిల్లవే అంటాడు."

"ఇప్పుడు చేస్తున్నది ఏ జంతువు?"

"పొడుగుమెడ. పైన హాల్లో నిలబెట్టారే, ఆకులు తినే డైనోసారు, అదే."

"చూశాను. మెడ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఉంది."

"దాంట్లో నిజం ఎముకలు అయిదేనండీ. తొడ ఎముక, సగం భుజం ఎముక, ఒక పన్ను, రెండు మెడపూసలు. మిగతాదంతా ప్లాస్టరే, మేమే పోశాం. మెడ అంత పొడుగని లెక్క కట్టింది ఐదో ఎముకని చూసి. మూరెడు పొడుగు మెడపూస, అదింకా పైకెక్కలేదు, ఇక్కడే ఉంది. అదొక్కటీ పక్కన పెడితే మిగిలేది మామూలు జంతువే. అలాంటివి ప్రతి మ్యూజియంలోనూ ఉంటాయి."

"నిన్నటి నుంచీ జరిగింది చెప్పు. టైములతో సహా."

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. కొలతలు రాసే మనిషి కాబట్టి తడుముకోలేదు.

"నిన్న ఒకటిన్నరకి ఇద్దరం కాంటీన్‌కి వెళ్ళాం. రెండూ పదికి తిరిగొచ్చాం. నాన్న ఆరింటిదాకా ఈ యాసిడ్ తొట్టి దగ్గరే. మధ్యలో కళ్ళు మసకలేస్తున్నాయన్నాడు. కళ్ళజోడు తుడిచీ తుడిచీ విసిగిపోయి బల్ల మీద పడేశాడు. పొరలు వచ్చేశాయే, ఇంక నా పనైపోయిందే అన్నాడు. ఇంటికెళ్ళాక వేళ్ళు సలుపుతున్నాయని నిద్రపోలేదు. పొద్దున ఎనిమిదింటికి వద్దన్నా వినకుండా వచ్చి మళ్ళీ తొట్టి ముందు కూర్చున్నాడు. తొమ్మిదింటికి నేను ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాను. తొమ్మిదీ పదికి పడిపోయాడు."

"వేళ్ళ సంగతి డాక్టరుకి చెప్పావా?"

"లేదండీ. ఆయన వేళ్ళెప్పుడూ అంతే. గోధుమరంగులో, పగిలిపోయి."

"చేతులకి తొడుగులు వేసుకోడా?"

"ఊహూఁ. తొడుగేసుకుంటే గుడ్డోణ్ణయిపోతానంటాడు. ఎముక ఎక్కడ ఆగిందో, రాయి ఎక్కడ మొదలైందో వేలికొసే చెప్పాలట. తొట్టిలో ఉండేది వెనిగర్ లాంటిదే కదా. నలభై ఏళ్ళుగా ముంచుతున్నాడు, ఏమీ కాలేదు. డైరెక్టరు గారు వస్తున్నారని తెలిస్తే మాత్రం గబగబా తొడుక్కుంటాడు. రూలు తప్పావని తిడతారని."

"ఆయనకీ మీ నాన్నకీ పడదా?"

కూతురు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మొన్న గొడవైంది. ఐదో పూసకి లోపల తొర్రలుంటాయి. దాంట్లో నాన్నకి ఎర్ర ఇసకరాయి దొరికింది. మిగతా నాలుగెముకల మీదా ఉన్నది బూడిదరంగు రాయి. అన్నీ ఒకే గోతిలో దొరికాయని డైరెక్టరు గారు పేపర్లలో రాశారు. ఒకే గోతిలోవైతే రాయి రెండు రంగుల్లో ఎందుకుంటుంది?"

"అంటే ఐదోది వేరే జంతువుది."

"నాన్న అంతమాట అన్లేదు. ఆయన పద్ధతొకటుంది. ఏ ఎముకనీ పూర్తిగా కడిగెయ్యడు, చిటికెడు రాయి దాంట్లోనే వదిలేస్తాడు. అదెక్కడ పుట్టిందో మనం చెరిపెయ్యకూడదంటాడు. ఎర్రరాయి కూడా తొర్రలో ఉంచుతాను, కమిటీ వాళ్ళే చూసి చెప్తారు అన్నాడు. డైరెక్టరు గారు తియ్యమన్నారు. నాన్న తియ్యనన్నాడు."

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది.

"అక్కా! ముక్కుకి పని దొరికిందా?"

వచ్చింది స్పెషల్ స్క్వాడ్ ఆఫీసరు. ముక్కు మేడమ్‌తోపాటే ఉద్యోగంలో చేరినవాడు. డిపార్టుమెంటులో అతన్ని పతకాలాయన అంటారు. చొక్కా మీద పతకాలు లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. వాటిలో రెండు ఈమె కేసుల మీద కొట్టేసినవే. ఆ అక్కా అనే పిలుపు విన్నప్పుడల్లా ముక్కు మేడమ్‌కి నోట్లో చేదు ఊరుతుంది. అతని వెనక ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో ఫ్లాస్కు.

"తొమ్మిదింటికి కాఫీ. తొమ్మిదీ పదికి మనిషి నేల మీద. పోసిచ్చింది కూతురు," అన్నాడు పతకాలాయన, పాఠం అప్పజెప్పినట్టు. "తండ్రి దిగితే ఆ కుర్చీ ఆమెది. పదహారేళ్ళుగా బొమ్మలు గీసుకుంటూ ఎదురు చూసింది పాపం. ఇంకేం కావాలి?"

"నేనా? నాన్నకా?" అంటూ లేచి నిలబడింది ఆ అమ్మాయి. కోటు జారి కింద పడింది.

"నిన్న రాత్రే ఆయన వేళ్ళు సలిపాయి," అంది ముక్కు మేడమ్. "కాఫీ ఇవాళ తాగాడు. నిన్నటి నొప్పి ఇవాళ్టి కాఫీలోంచి వచ్చిందా?"

"ముసలాళ్ళకి వేళ్ళు సలపవా?"

"ఫ్లాస్కు ఇప్పుడే పరీక్షకి పంపు. ఒంటిగంట లోపల విషమేంటో తెలియాలి. లేకపోతే ఆయన దక్కడు."

"రేపొస్తుంది రిపోర్టు."

"రేపటికి ఆయన ఉండడయ్యా!"

పతకాలాయన భుజాలెగరేశాడు. "ఉండకపోతే హత్యకేసవుతుంది. ఇంకా పెద్ద కేసు."

అన్నాక ఫొటోగ్రాఫర్లు విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. అంతే. సిగ్గుపడలేదు. ముక్కు మేడమ్‌కి అతని మొహమ్మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా హంతకుల్ని, దొంగల్ని చూస్తున్నా కలగని రోత, సాటి పోలీసుని చూస్తే కలిగింది.

"పైనుంచి ఆర్డరుంది," అని కాగితం తీసి చూపించాడతను. "ప్రారంభోత్సవం లోపల కేసు ముగించాలి. నువ్వు తొట్లు వాసన చూసుకుంటూ కూర్చో అక్కా."

పదకొండూ నలభైకి ఆ అమ్మాయి చేతులకి సంకెళ్ళు పడ్డాయి, రెండుసార్లు. మొదటిసారి ఫొటో సరిగ్గా రాలేదట. పోతూ పోతూ ఆమె పతకాలాయన్ని ఒకే ఒక్క మాట అడిగింది, "దారిలో ఆస్పత్రి దగ్గర ఒక్క నిమిషం ఆపుతారా సార్?" అని. అతను ఫొటోగ్రాఫర్ల వైపు తిరిగి చొక్కా మీది పతకాలు సర్దుకున్నాడు.

ముక్కు మేడమ్ కింద పడిన కోటు తీసి బల్ల మీద పెట్టి, పనిలోకి దిగింది.

తొట్టి ప్లాస్టిక్‌ది, పసిపిల్లలకి నీళ్ళు పోసేంత. సగందాకా పలచటి ద్రవం. పక్కన తడి తువ్వాలు మీద ఐదో పూస ఉంది. మూరెడు పొడుగు, తొర్రలు తొర్రలుగా, దానిమీద పడి మనుషులు చచ్చేంత అందమేమీ లేదు. ఆమె తొట్టి దగ్గరికి వంగి గాలి పీల్చింది. వెనిగర్ పులుపు. దాని అడుగున ఇంకోటి. ముక్కులోపల సన్నగా కరిచిన వాసన. వెంటనే వెనక్కి తగ్గింది. దేన్నీ ముట్టుకోలేదు.

తొట్టి మీదికి వంగిన ఇనప చెయ్యికి పళ్ళెమంత భూతద్దం బిగించి ఉంది. అందులోంచి చూడబోతే అంతా మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. జేబురుమాలుతో తుడిచింది. పోలేదు. నోటితో ఊది మళ్ళీ తుడిచింది. పోలేదు. పెన్ను మొనతో పై వైపు గీసి చూస్తే నున్నగా జారింది. కింది వైపు గీస్తే గరగరమంది. తొట్టి వైపు ఉన్న మొహమే పాడైంది, రెండోది బాగానే ఉంది.

బల్ల మీద మేస్త్రి విసిరేసిన కళ్ళజోడుంది. పాతకాలపు గాజు అద్దాలు. వాటి బయటి వైపు కూడా అదే మసక, అదే గరుకు. తొట్టి పక్కనున్న గాజు కొలతగొట్టం సగందాకా తెల్లబడిపోయింది, పైన సగం తళతళలాడుతోంది.

పాపం పెద్దాయన. నిన్న మధ్యాహ్నమంతా తన కళ్ళకి పొరలొచ్చాయని కుమిలిపోయాడు. కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. అద్దం కరిగిపోతోంది.

ముక్కు మేడమ్ మరిదికి తలుపుల అద్దాల మీద పువ్వులు, తీగలు తేల్చే దుకాణముంది. సుత్తీ ఉలీ లేకుండా ఒక యాసిడ్ పూసి అద్దాన్ని ఇలాగే మసకబారుస్తాడు. గాజు సీసాలో పెడితే సీసానే తినేస్తుందని దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో దాచుకుంటాడు. ఆవిడ ఒకసారి ఆ డబ్బా దగ్గరికెళ్తే వదినా అని కేకేసి చెయ్యి లాగేశాడు. పడ్డప్పుడు తెలియదట. కొన్ని గంటల దాకా మంటే ఉండదట. అప్పటికి అది చర్మం దాటి, మాంసం దాటి, ఎముకల్లో కాల్షియం తాగడం మొదలెడుతుందట.

పన్నెండూ నాలుగు. ఫోన్ కొట్టింది.

"డాక్టరమ్మా, రాసుకో. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. తాగలేదు. చేతుల్లోంచి వెళ్ళింది. నిన్న మధ్యాహ్నం రెండూ పది నుంచి, మళ్ళీ ఇవాళ పొద్దున."

"చేతులా? ఆ మరకలు... పనివల్ల అనుకున్నానే! నేనసలు ఆ వేళ్ళ వంకే చూడలేదు!"

"ఇప్పుడు చూడండి."

"వేళ్ళలోకే కాల్షియం ఎక్కిస్తాను. అక్కడే దాని పీక నొక్కాలి." అటు నర్సు మీద కేకలు వినిపించాయి, మళ్ళీ గొంతు దగ్గరికొచ్చింది. "మేడమ్, ఆ యాసిడ్ వాడేచోట కాల్షియం జెల్ ట్యూబు ఉండి తీరాలి. తెల్లగా ఉంటుంది, పడగానే రాసుకోవాలి. ఆ గదిలో ఇంకెవరైనా చెయ్యి పెట్టుంటే..."

తెల్లగా, ట్యూబులో. ముక్కు మేడమ్ మిగతాది వినలేదు. ఫోన్ చేత్తో పట్టుకునే విసురుగా బయటికి నడిచింది.

డైరెక్టరు వరండా బెంచీ మీద కూర్చుని బొటనవేలికి ఇంకో విడత క్రీము రాసుకుంటున్నాడు.

"అది ఇటివ్వండి."

"ఇది నా..."

"ఇవ్వమంటున్నాను!"

లాక్కుని చదివింది. కాల్షియం జెల్. దాని మీద అంటించిన చీటీలో, పుప్పొడి గది, మూడో అంతస్తు అని రాసుంది.

"మూడో అంతస్తులో ఏం చేస్తారు?"

"రాళ్ళు కరిగించి, లోపల పాతకాలపు పుప్పొడి ఉందేమో చూస్తాం."

"దేంతో కరిగిస్తారు?"

డైరెక్టరు క్రీము అంటిన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"నేను చెప్తాను. నిన్న ఒకటిన్నరకీ రెండూ పదికీ మధ్య, తండ్రీకూతుళ్ళు కాంటీన్‌లో ఉండగా, పైనుంచి ఆ యాసిడ్ తెచ్చి తొట్టిలో పోశారు. ఎర్రరాయి కరిగిపోతే ఐదో ఎముక ఏ గోతిదో ఎవరికీ తెలియదు. పోసేటప్పుడు బొటనవేలి మీద చుక్క పడింది. వెంటనే ట్యూబు వెతుక్కున్నారు. మీ వేలి మీద మీకు ఎంత ప్రేమండీ!"

"నేను అతన్ని చంపాలనుకోలేదు," అన్నాడు డైరెక్టరు. మొహం పాలిపోయింది. "తొడుగులు వేసుకుంటాడు కదా! ఆ రూలు నేనే రాశాను, గోడకి అంటించి ఉంది చూడండి. నేను ఎప్పుడొచ్చినా తొడుగులతోనే ఉంటాడు."

"మీరొచ్చినప్పుడే వేసుకుంటాడు. మీకు భయపడి."

ఇన్నేళ్ళు తన కింద పనిచేసిన మనిషి చేతులెలా ఉంటాయో డైరెక్టరుకి తెలియదు.

"సరే, నిన్న తెలీదు. ఇవాళ తొమ్మిదీ పదికి పడిపోయాడు. అప్పుడు తెలిసిందిగా? మూడు గంటలుగా ఇక్కడే ఉన్నారు. ఆ డాక్టరు పిచ్చిదానిలా వెతుక్కుంటోంది. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"చెప్తే జంతువు పోతుంది మేడమ్." ఆయన ఆ మాట నిజంగానే బాధతో అన్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "పదేళ్ళ కష్టం. దానికి పేరు పెట్టింది నేను. నాలుగింటికి..."

మనిషి కోసం రాని కన్నీళ్ళు ప్లాస్టర్ మెడ కోసం వస్తున్నాయి. ఇలాంటివాణ్ణి తిట్టడానికి కూడా మాటలు దండగ అనిపించింది ముక్కు మేడమ్‌కి. కానిస్టేబుల్‌కి సైగ చేసింది. అతను ముందుకొచ్చి డైరెక్టరు భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు డాక్టరు మధ్యలో ఆపిన మాట గుర్తొచ్చింది. ఇంకెవరైనా చెయ్యి పెట్టుంటే. మేస్త్రి పడిపోయేసరికి పూస తొట్టిలోనే ఉండుండాలి. ఇప్పుడు తువ్వాలు మీద ఉంది. దానంతటది నడిచి రాలేదు.

"ఆ పూస బయటికి తీసిందెవరు? మీరేనా?"

"నేను కాదు." డైరెక్టరు బొటనవేలు వైపు చూసుకున్నాడు. "ఆ అమ్మాయి."

"ఎప్పుడు?"

"తొమ్మిదింపావుకి. అంబులెన్సు కోసం ఎదురు చూస్తున్నప్పుడు."

"తండ్రి కళ్ళముందు పడిపోతే ఎముక సంగతి ఎందుకు గుర్తొస్తుంది తనకి?"

డైరెక్టరు నేల చూపులు చూశాడు. ముక్కు మేడమ్ ఆయన కోటు కాలరు పట్టుకుంది.

"ఎందుకు గుర్తొచ్చింది?"

"నేనే చెప్పాను. ఎక్కువసేపుంటే ఆ యాసిడ్ ఎముకని కూడా తినేస్తుంది. తియ్యమ్మా, మీ నాన్న కష్టం పాడైపోతుంది అన్నాను. ఏడుస్తూనే తీసింది."

"తొడుగుల్లేకుండా."

"తొందరలో... అడుగున ఉందది. రెండు చేతులూ పెట్టాల్సొచ్చింది."

"మీరు చూస్తూ నిలబడ్డారు."

"ఎముక జారిపోతుందేమోనని చూశాను," అన్నాడాయన.

ముక్కు మేడమ్ కాలరు వదిలేసింది. ఆ కోటుని పట్టుకున్న తన చెయ్యే అసహ్యంగా తోచి, ప్యాంటుకి తుడుచుకుంది. యాసిడ్ పని ముట్టనివ్వడు అని చెప్పిన పిల్ల గొంతు చెవిలో మోగుతోంది. తొమ్మిదింపావు. ఇప్పుడు పన్నెండూ పదిహేను. సరిగ్గా మూడు గంటలు. ట్యూబు జేబులో పడేసుకుని, మెట్లెక్కుతూనే పతకాలాయనకి ఫోన్ కొట్టింది. మూడోసారికి ఎత్తాడు. వెనక జీపు శబ్దం.

"ఏంటక్కా? ఓడిపోయానని చెప్పడానికా?"

"ఎక్కడున్నావ్?"

"హెడ్‌క్వార్టర్స్ దారిలో. ప్రెస్ మీట్ ఒంటిగంటకి. రా, వెనక వరసలో కుర్చీ వేయిస్తాను."

"ఆ అమ్మాయి చేతులెలా ఉన్నాయి?"

"అబ్బ, ఆ గోల నీదాకా వచ్చిందా! పావుగంట నుంచి ఒకటే ఏడుపు. చేతులు మండిపోతున్నాయట, సంకెళ్ళు విప్పాలట. ఇలాంటి నాటకాలు ఎన్ని చూళ్ళేదు."

"నాటకం కాదు. తండ్రికి పట్టిన యాసిడే. పొద్దున ఆమె చేత కూడా ముట్టించారు. ముట్టించినవాడు నా దగ్గరున్నాడు, ఒప్పుకున్నాడు. జీపు ఆస్పత్రికి తిప్పు."

"భలే కథ. కేసు చేజారిపోయేసరికి..."

"కేసు నువ్వే తీసుకో. పతకం నువ్వే తీసుకో. నేనేం రాయను, ఎవరికీ చెప్పను. నీ కాళ్ళు పట్టుకుంటాను, జీపు తిప్పు."

అటు నవ్వు ఆగింది. "ఏమన్నావ్? కాళ్ళా? ఆగాగు, స్పీకర్లో పెడుతున్నా. డ్రైవరు కూడా వినాలి. మళ్ళీ అను."

అప్పటికి గేటు దాకా వచ్చేసింది. అక్కడ నిలబడ్డ వాచ్‌మన్, అటూ ఇటూ పోయే జనం, అందరూ వింటుండగా ముక్కు మేడమ్ గొంతెత్తి ఇంకోసారి అంది, "నీ కాళ్ళు పట్టుకుంటానయ్యా. జీపు తిప్పు."

స్పీకర్లో సన్నగా ఇంకో గొంతు వినిపించింది. "మేడమ్... నాన్నకెలా ఉంది?"

"మందు దొరికిందమ్మా. మీ నాన్న బతుకుతాడు. నీ చేతులు పక్కనున్న ఆఫీసరుకి చూపించు. వేళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

ఏదో మెత్తగా సీటుకి తగిలిన చప్పుడు. సంకెళ్ళు గలగలమన్నాయి.

"ఏయ్, లే. లే అంటుంటే." పతకాలాయన గొంతు. కాసేపటికి అదే గొంతు మళ్ళీ, ఈసారి వెటకారం లేదు, ఫోన్ నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడేమో ఊపిరి కూడా వినిపిస్తోంది.

"అక్కా, వేళ్ళు సుద్దలా తెల్లబడిపోయాయి. పిల్ల ఒరిగిపోయింది. నాడి దొరకట్లేదు. ఏం చెయ్యను, చెప్పక్కా?"